ఓవర్‌క్లాకింగ్ కోసం ప్రాసెసర్‌ను మోడ్ చేశాక బూట్ కావడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

ఓవర్‌క్లాకింగ్ కోసం, అంటే ఫ్యాక్టరీ వేగం కన్నా ఎక్కువగా నడిపేందుకు, ప్రాసెసర్ మూత తీసి లిక్విడ్ మెటల్ (వేడిని త్వరగా లాగే ద్రవలోహం) రాశారు, లేదా అడుగున ఉన్న ప్యాడ్ (లోహపు చుక్క) మీద టేపు అంటించారు. పవర్ బటన్ నొక్కితే స్క్రీన్ మీద ఏమీ రాలేదు. చిప్ పోయిందేమో అన్న భయం వెంటనే పట్టుకుంటుంది. కానీ చాలాసార్లు తప్పు సాకెట్‌లోనో, కూలర్ బిగింపులోనో, ర్యామ్ వేగంలోనో ఉంటుంది. అందుకని టెన్షన్‌లో బటన్ మళ్లీ మళ్లీ నొక్కకండి. ఎక్కడైనా షార్ట్ సర్క్యూట్ ఉంటే, బాగున్న మదర్‌బోర్డు కూడా దానివల్ల పాడు కావచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: గొడవ బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) సెట్టింగ్‌దా, చిప్ మీద చేసిన మార్పుదా? పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి, బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని ఐదు పది నిమిషాలు బయట ఉంచండి. బోర్డు మీద సీమాస్ క్లియర్ (బయోస్ సెట్టింగ్‌లను చెరిపే) జంపర్ ఉంటే అది ఇంకా సులువు. తర్వాత ఒకే ర్యామ్ స్టిక్‌ను మాన్యువల్ చెప్పిన స్లాట్‌లో పెట్టి, డ్రైవ్‌లన్నీ తీసేసి ఆన్ చేయండి. లేచిందంటే తప్పు చాలావరకు సెట్టింగ్‌దే, మీ మోడ్ బాగానే ఉన్నట్టు. లేవకపోతే కింద చూడండి.

ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతోంది

పవర్ సప్లై షార్ట్‌ను పసిగట్టి తనంతట తానే ఆగిపోతోందని అర్థం. సీపీయూ కోసం బోర్డు పైభాగంలో పెట్టే 8 పిన్ల 12 వోల్టుల కేబుల్‌ను పీకి ఆన్ చేసి చూడండి. ఫ్యాన్లు ఇప్పుడు ఆగకుండా తిరిగితే షార్ట్ సీపీయూ వైపు ఉన్నట్టు. ఆ తర్వాత ప్రాసెసర్‌ను బయటికి తీసి, కేబుల్ తిరిగి పెట్టి చూడాలి. అప్పుడు కూడా అలాగే ఆగిపోతే అనుమానం బోర్డు మీదికి మళ్లుతుంది.

డీలిడ్ చేసిన (మూత తీసిన) చిప్ అయితే మొదటి అనుమానం లిక్విడ్ మెటల్ మీదే. అది కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది, పైగా ఎక్కువైతే బిగింపు ఒత్తిడికి పక్కలకు జారుతుంది. 4770కే, 4790కే లాంటి ఇంటెల్ హాస్వెల్ తరం చిప్‌లలో డై (మూత కింద ఉండే సిలికాన్ ముక్క) పక్కనే చిన్న కాంపొనెంట్ల వరుస ఉంటుంది. వాటి మధ్య ఒక్క చుక్క చేరినా చాలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన కాటన్ బడ్‌తో ఒకే దిశలో తుడవండి. అటూ ఇటూ రుద్దితే చిన్న చిన్న పూసలుగా విడిపోయి ఇంకా దూరం పాకుతుంది. ఆరాక ఆ కాంపొనెంట్ల మీద రంగులేని నెయిల్ పాలిష్ పూత వేసి, మెటల్‌ను డై మీద పలుచని పొరగా మాత్రమే పరవండి. కూలర్ అడుగు అల్యూమినియం అయితే ఈ పదార్థాన్ని దాని దరిదాపుల్లోకి రానివ్వకండి. ఇందులోని గాలియం అల్యూమినియంను తినేస్తుంది.

మూత కోసేటప్పుడు బ్లేడు చిప్ అడుగున ఉండే ఆకుపచ్చ పలకలోకి దిగిందేమో లైటు పెట్టి చూడండి. లోపలి రాగి తీగ తెగి ఉంటే మామూలుగా ఇంట్లో బాగుచేయగలిగేది కాదు.

మల్టీమీటర్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. బాగున్న ప్రాసెసర్‌లో కూడా కోర్ వోల్టేజీ ప్యాడ్లకూ గ్రౌండ్‌కూ మధ్య రెసిస్టెన్స్ చాలా తక్కువే చూపిస్తుంది. బీప్ వచ్చిందని చిప్ షార్ట్ అయిందని తీర్మానించకండి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు, బోర్డు మీద సీపీయూ లైటు వెలుగుతోంది

ముందు ఆ 8 పిన్ల కేబుల్ తిరిగి పెట్టారా? మర్చిపోవడం చాలా మామూలు. తర్వాత సాకెట్ పిన్లు చూడాలి. లైటును ఏటవాలుగా పట్టి, ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేయండి. వరుస తప్పిన పిన్ మెరుపులో తేడాగా కనిపిస్తుంది. సన్నటి సూదితో నెమ్మదిగా, కొంచెం కొంచెంగా సర్దండి.

మూత లేకుండా డై మీదే కూలర్ పెట్టినవాళ్లు ఇంకొకటి గమనించాలి. సాకెట్ లివర్ మామూలుగా నొక్కేది ఆ మూతనే. అది లేకపోతే చిప్ పిన్లకు సరిగా ఆనదు, దానికి వేరే ఫ్రేమ్ కావాలి. మూత తిరిగి అంటించినవాళ్లు జిగురు మందంగా వేశారేమో చూసుకోవాలి. పాత ఇంటెల్ 775 సాకెట్ బోర్డులో 771 సాకెట్ జియాన్ (సర్వర్ ప్రాసెసర్) పెట్టినవాళ్లయితే ప్యాడ్ల మీద అంటించే స్టిక్కర్ జరిగిందేమో, బోర్డు బయోస్‌లో ఆ చిప్‌కు మైక్రోకోడ్ (దాన్ని నడిపేందుకు కావాల్సిన కోడ్) ఉందో లేదో చూడాలి.

ర్యామ్ లైటు వెలుగుతోంది, లేదా సగం ర్యామే కనిపిస్తోంది

ఇప్పటి ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్ చిప్‌లోనే ఉంటుంది. కాబట్టి ఒక మూల పిన్లు సరిగా తగలకపోతే ర్యామ్ పాడైనట్టే కనిపిస్తుంది. కూలర్ స్క్రూలను పూర్తిగా వదులు చేసి, ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా మళ్లీ బిగించండి. కొత్త ర్యామ్ కొనే ముందు ఇది చేసి తీరాలి. డీడీఆర్5 బోర్డుల్లో అయితే సీమాస్ క్లియర్ తర్వాత మొదటి బూట్‌కు ర్యామ్ ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌కు సరిపడే సెట్టింగ్‌లు వెతుక్కోవడం) నిమిషాలు పట్టవచ్చు, ఓపిక పట్టండి.

టేపు మోడ్ చేశాక బూట్ లేదు, సీమాస్ క్లియర్ చేసినా మార్పు లేదు

పాత 775 సాకెట్ వాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. ప్రాసెసర్ తన బస్ (బోర్డుతో మాట్లాడుకునే దారి) వేగాన్ని బీసెల్ అనే పిన్ల ద్వారా బోర్డుకు చెబుతుంది. కోర్ 2 క్వాడ్ క్యూ6600 మామూలుగా 266 మెగాహెర్ట్జ్ బస్, 9 మల్టిప్లయర్‌తో (రెండింటి గుణకారమే వేగం) 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. బీసెల్2 ప్యాడ్‌ను టేపుతో మూస్తే బోర్డు దాన్ని 333 బస్ చిప్ అనుకుంటుంది, వేగం 3 గిగాహెర్ట్జ్ అవుతుంది. అంటే బోర్డు దృష్టిలో ఫ్యాక్టరీ వేగమే అది. సీమాస్ క్లియర్ చేస్తే తిరిగి వచ్చేది కూడా ఆ వేగానికే.

కాబట్టి మొదట టేపు తీసి చూడండి. లేచిందంటే చిప్, బోర్డు రెండూ క్షేమం. ఇక కారణాలు నాలుగు. టేపు పక్క ప్యాడ్‌ను కూడా మూసి ఉండవచ్చు. బోర్డు చిప్‌సెట్ 333 బస్‌ను అందుకోలేకపోవచ్చు. 2.4 కోసం పెట్టిన వోల్టేజీ 3 గిగాహెర్ట్జ్‌కు చాలకపోవచ్చు. నాలుగోది ర్యామ్: బస్‌కూ ర్యామ్ వేగానికీ మధ్య పాత నిష్పత్తే ఉండిపోతే డీడీఆర్2-800 స్టిక్ 1000 వేగంతో నడవాల్సి వస్తుంది, అది చాలా స్టిక్‌ల వల్ల కాదు. టేపు లేకుండా బూట్ చేసి, బయోస్‌లో ర్యామ్ నిష్పత్తిని తగ్గించి సేవ్ చేసి, అప్పుడు టేపు వేయండి. ఈసారి బ్యాటరీ తీయకండి. బోర్డులో వోల్టేజీ, నిష్పత్తి రెండూ మార్చే వీలు లేకపోతే ఈ మోడ్ వదిలేయడమే నయం.

200 బస్ చిప్‌ను 266కు తేవడం దీనికి తలకిందులు. అక్కడ బీసెల్1ను మూయడం కాదు, గ్రౌండ్‌కు కలపాలి. అందుకు వాడే వాహక (కరెంటు ప్రవహించే) పెయింట్ పక్కకు అంటితే ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ వేయండి.

బయోస్ దాకా వచ్చి కొన్ని సెకన్లలో ఆగిపోతోంది

వేడి. మూతకూ డైకీ మధ్య ఖాళీ మిగిలింది, లేదా కూలర్ ఆనలేదు. విప్పి, థర్మల్ పేస్ట్ ముద్ర ఎలా పడిందో చూస్తే తెలిసిపోతుంది.

విండోస్ లోగో దగ్గర నీలి తెర

మోడ్ పనిచేసింది, వేగానికి వోల్టేజీ చాలడం లేదు. క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ అన్న ఎర్రర్ వస్తే ముందు ఇదే అనుమానించాలి. మల్టిప్లయర్ ఒక మెట్టు దించండి, లేదా వోల్టేజీ 0.01 నుంచి 0.02 వోల్టుల వరకు పెంచి చూడండి. తేలేదాకా ముఖ్యమైన ఫైళ్లున్న డ్రైవ్ పెట్టకండి. అస్థిరంగా ఉన్న ప్రాసెసర్ డ్రైవ్‌లో తప్పుడు డేటా రాయగలదు.

ఇవన్నీ చూశాక కూడా లేవకపోతే, మీ బోర్డులో బాగున్న వేరే ప్రాసెసర్ పెట్టి చూడండి. అది లేస్తే చిప్ మీద ఉన్న టేపు, పెయింట్, మెటల్ అంతా శుభ్రం చేసి ఇంకో బోర్డులో ప్రయత్నించవచ్చు. శుభ్రం చేయకుండా మాత్రం ఎవరి బోర్డులోనూ పెట్టకండి. రెండో బోర్డులో కూడా లేవకపోతే అప్పుడు ఆ చిప్ పోయిందని ఒప్పుకోవచ్చు.