చిన్న బొమ్మల ముఖాలు గరుకుగా వస్తున్నాయా? రంగును అనుమానించే ముందు ప్రైమర్ చూడండి

“ముఖం మీద రవ్వ చల్లినట్టు వస్తోంది, రంగు ఇంకెంత పల్చన చేయాలి?” మినియేచర్ బొమ్మలకు రంగులు వేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నేను తిరిగి ఒకటే అడుగుతాను: ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా బొమ్మకు వేసే పునాది పూత) ఆరాక, రంగు మొదలుపెట్టకముందు, టార్చి లైటు పక్కనుంచి కొట్టి ముఖం చూశారా? చూశామని చెప్పేవాళ్లు చాలా తక్కువ. అర నిమిషం పని అది. దాన్ని వదిలేసి కొత్త బ్రష్షులు, కొత్త రంగులు కొంటూ పోతున్నారు.

ఇదంతా 28 నుంచి 75 మిల్లీమీటర్ల బొమ్మల గురించి, నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగుల గురించి. రంగు పల్చన చేసుకోవడం, పొరలు పొరలుగా వేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ముఖం గరుకుగా, చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది

ముందు కారణం తేల్చుకోండి. రంగు చిక్కగా పడితే కనురెప్పల అంచులు, పెదవుల మధ్య గీత పూడుకుపోతాయి, బ్రష్ చారలు తేలతాయి. అలా కాకుండా ముక్కూ కళ్లూ తీరుగానే ఉండి చర్మం మాత్రం గరగరలాడుతుంటే తప్పు రంగుది కాదు. బొమ్మను తిప్పి రంగు పడని చోటు చూడండి. దుస్తుల మడతల లోపల, చంక కింద అదే గరుకు ఉంటే తేడా ప్రైమర్ దగ్గరే వచ్చింది.

స్ప్రే డబ్బాలోంచి వచ్చే తుంపర తడిగా బొమ్మను తాకి, పరుచుకుని, ఆ తర్వాత ఆరాలి. ఎండ మండిపోతున్నా, గాలి విసురుగా ఉన్నా, డబ్బా మరీ దూరం పట్టుకున్నా తుంపరలోని ద్రావకం దారిలోనే ఆవిరైపోతుంది. సగం ఆరిన రేణువులు పొడిలా వచ్చి అంటుకుంటాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో మేడ మీద నిలబడి స్ప్రే చేస్తే ఇంకోలా ఎలా వస్తుంది?

28 మిల్లీమీటర్ల బొమ్మంటే మనిషిని దాదాపు అరవయ్యో వంతుకు తగ్గించినట్టు. అంటే మిల్లీమీటరులో పదో వంతు ఉన్న రేణువు, నిజమైన ముఖం మీద 6 మిల్లీమీటర్ల కురుపుతో సమానం. కవచం మీదో గుర్రం మీదో అది ఎవరికీ కనిపించదు. బుగ్గ మీద దాక్కోలేదు.

ఈ లోపం నన్ను చాలా ఏడిపించింది, ఎందుకంటే ఇది పుట్టిన చోట బయటపడదు. బూడిద రంగు ప్రైమర్ మీద ఎదురుగా చూస్తే అంతా నున్నగానే ఉంటుంది. మొదటి పొర రంగు వేశాక కూడా ఫర్వాలేదనిపిస్తుంది. వాష్ (నీడల కోసం వేసే బాగా పల్చని ముదురు రంగు) వేయగానే అది ప్రతి రేణువు చుట్టూ చేరి చుక్కలు కడుతుంది. ఆ మీద హైలైట్ (వెలుగు పడే చోట వేసే లేత రంగు) వేస్తే రేణువుల కొసలకే అంటుకుంటుంది. దాంతో అందరూ ఆఖరున వేసిన పొరనే తప్పుపట్టి, రంగును ఇంకా పల్చన చేస్తారు. పల్చని రంగు గుంటల్లోకే జారుతుంది కాబట్టి గరుకు మరింత ఎత్తి చూపినట్టవుతుంది.

ఈ దశకు వచ్చిన ముఖం మీద ఇంకో పొర వేసి లాభం లేదు, రంగు తీసేయాల్సిందే. లోహపు బొమ్మైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ప్లాస్టిక్, రెజిన్ బొమ్మలకు ముందు కనిపించని చోట పూసి చూడండి. రెజిన్ కొన్నిసార్లు మెత్తబడుతుంది, రాత్రంతా నానబెట్టొద్దు. ఆల్కహాల్ వంటింటి మంటకు దూరంగా ఉండాలి. ఇంకా ప్రైమర్ దశలోనే పట్టుకుంటే, ఆరాక బిరుసు బ్రష్‌తో రుద్దితే పైపొడి కొంత పోతుంది. కళ్ల గుంటల్లోది పోదు. అలాంటి ముఖానికి నేను రంగు మొదలుపెట్టను.

ఈసారి స్ప్రే చేసేటప్పుడు ఎండాకాలమైతే ఉదయం ఆరు, ఏడు గంటల మధ్యే చేయండి, ఆరుబయట, గాలి విసురు లేనప్పుడు. డబ్బాను రెండు నిమిషాలు బాగా కదపండి. దూరం 20 నుంచి 30 సెంటీమీటర్లని చాలా డబ్బాల మీద ఉంటుంది, వేడిలో 20కి దగ్గరగానే ఉండండి. ముందు ఒక ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి, ఆరాక వేలితో తడమండి. చెంచా గరుకుగా వస్తే ఆ రోజుకు ఆపేయండి.

వానాకాలంలో దీనికి ఉల్టా. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ. ద్రావకం ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది, దాని మీద తేమ చేరి తెల్లగా మసకబారుతుంది. వార్నిష్ స్ప్రే కూడా ఆ రోజుల్లో ఇలాగే పాడవుతుంది.

అందుకే ముఖాల వరకు నేను ఏ కాలంలోనైనా బ్రష్‌తో వేసే ప్రైమరే వాడమంటాను. వయెహో (Vallejo) కంపెనీ పాలీయురేథేన్ ప్రైమర్ బ్రష్‌తోనూ చక్కగా పరుచుకుంటుంది. రెండు పల్చటి పొరలు వేసి, ఒక రోజంతా వదిలేయండి. ఆ తర్వాత టార్చి పరీక్ష మాత్రం దీనికీ చేయాలి.

కళ్లు గుడ్లు మిటకరించినట్టున్నాయి

తెల్లగుడ్డుకు అచ్చమైన తెలుపు వేసి, నల్లగుడ్డును సరిగ్గా మధ్యలో పెట్టారు. తెలుపులో కాస్త చర్మం రంగు కలపండి. నల్లగుడ్డు పై భాగం రెప్ప కింద దాగాలి. పై రెప్పకు ముదురు గోధుమ గీత వేయండి, కింది రెప్పను వదిలేయండి. కళ్లు ముందు వేసుకుని తర్వాత చర్మం వేస్తే అంచులు సర్దుకోవడం తేలిక.

ముఖం బూడిద పూసినట్టు పాలిపోయింది

హైలైట్ కోసం తెలుపు కలిపారు. టైటానియం తెలుపు చర్మం రంగులోని వెచ్చదనాన్ని చంపేస్తుంది. మన చామనఛాయ ముఖాలకైతే గోధుమ రంగు మీద పసుపు మట్టి రంగు, కొంచెం నారింజ కలిపి వెలుగు తీసుకురండి. నీడకు నలుపు వద్దు, ఎర్రటి ముదురు గోధుమ చాలు. ‘స్కిన్ టోన్’ పేరుతో అమ్మే సీసాల్లో చాలావరకు తెల్లవాళ్ల చర్మానికి చేసినవే, వాటిని నేరుగా వాడకండి.

రెండో పొర వేస్తుంటే కింది పొర ఊడి వస్తోంది

కిందది పైకి మాత్రమే ఆరింది. ఆగండి. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే బ్రష్ కొస మీదే రంగు ఎండిపోయి, అది కూడా ఇలాగే పొరను గీరేస్తుంది. ఫ్యాన్ ఆపండి, లేదా వెట్ ప్యాలెట్ (రంగు ఎండిపోకుండా తడిగా ఉంచే పలక) వాడండి.

ముక్కు మీద రంగు నిలవకుండా బొట్లు కడుతుంటే జిడ్డు. గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడగాల్సింది ప్రైమర్‌కు ముందే. సీసాలో రంగు పాడైందేమో అని కూడా అడుగుతుంటారు. అలా జరగడం అరుదు, గట్టిగా కదిపి మళ్లీ వేసి చూడండి.