టీకి లేచే ముందు జాగ్రత్తలు: మీ కంప్యూటర్ని ఎవరూ ఆపేయకుండా

కడప ఎండకి తట్టుకోలేక మజ్జిగ తాగొద్దామని పోయి పది నిమిషాల్లో తిరిగొస్తే నా స్క్రీన్ నల్లగా ఉంది, పక్క సీటాయన "కరెంటు ఆదా చేసినా అన్నా" అని నవ్వుతున్నాడు. అప్పటినుంచి సీటు వదిలే ముందు ఇవి చూసుకుంటున్నా.

☐ కంట్రోల్ ఎస్. ఏదైనా దీని తర్వాతే. ఎక్సెల్ దానంతటదే దాచుకుంటుందిలే అనుకోవద్దు, మామూలుగా అది 10 నిమిషాలకోసారి దాస్తుంది, మనవాడు తొమ్మిదో నిమిషంలో నొక్కుతాడు.

☐ విండోస్ ఎల్ కొట్టి లాక్ చేయండి. లాక్ స్క్రీన్ మూలన కూడా పవర్ గుర్తు ఉంటుంది కాబట్టి ఇదొక్కటే చాలదు.

☐ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్ నొక్కితే 'డూ నథింగ్' అని పెట్టండి. ఆయన నొక్కుతూనే ఉంటాడు, అది ఉలకదు పలకదు, దూరం నుంచి చూడ్డానికి భలే ఉంటుంది. కొన్ని సెకన్లు అలాగే అదిమిపట్టాడా, ఆగిపోతుంది. దానికి మందు లేదు.

☐ ఫోన్ చార్జింగ్ కోసం మీ ప్లగ్ పీకే అక్కకి ఖాళీ ఎక్స్‌టెన్షన్ బోర్డు ముందే ఇచ్చేయండి.

☐ సీపీయూని గోడకి ఆనించి బటన్ దాచొద్దు. గాలాడక వేడెక్కి అదే ఆగిపోతుంది.

☐ చీటీ అంటించండి: "ఆపినవాళ్లు అందరికీ కారం దోసెలు తినిపించాలి." నేను అంటించిన రెండు రోజులు ఎవరూ ముట్టుకోలేదు. మూడో రోజు దోసెలొచ్చాయి, ఫైలు పోయింది.