ఒకే డిష్‌తో రెండు టీవీలు: స్ప్లిటర్ జోలికి పోకండి

హాల్లో ఒక టీవీ, బెడ్రూంలో ఒక టీవీ, డాబా మీద ఒకే డిష్. రెండో సెటాప్ బాక్స్ రాగానే చాలామంది చేసే పని, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి చవకలో స్ప్లిటర్ తెచ్చి ఉన్న కేబుల్‌ను రెండుగా చీల్చడం. కేబుల్ టీవీకైతే నడుస్తుంది. డిష్‌కు నడవదు. "మా ఇంట్లో బానే వస్తోందిగా" అనేవాళ్ళుంటారు. రెండు గదుల్లోనూ ఒకే రకం ఛానెళ్ళు చూస్తున్నంతసేపే ఆ ముచ్చట.

డిష్ ముందు కడ్డీ చివరన ఉండి సిగ్నల్‌ను అందుకునే చిన్న పరికరం ఎల్‌ఎన్‌బీ. దానికి బాక్సే కేబుల్లోంచి కరెంటు పంపుతుంది. 13 వోల్టులు పంపితే వర్టికల్ (నిలువు తరంగాల) ఛానెళ్ళు, 18 పంపితే హారిజాంటల్ (అడ్డ తరంగాల) ఛానెళ్ళు. సింగిల్ ఎల్‌ఎన్‌బీ ఒకసారికి ఒక రకమే ఇస్తుంది. హాల్లో అత్తగారి సీరియల్‌కు 18 వెళ్తుంటే, బెడ్రూంలో 13 అడిగే క్రికెట్‌కు 'నో సిగ్నల్' తప్పదు. పైగా స్ప్లిటర్ సిగ్నల్‌ను సగం చేస్తుంది. మామూలు రోజుల్లో తెలియదు గానీ, గట్టి వాన పడిందంటే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతుంది.

కాబట్టి కొనాల్సింది ట్విన్ ఎల్‌ఎన్‌బీ. రెండు అవుట్‌పుట్లు, దేని దారి దానిది. దాంతోపాటు రెండో గదికి సరిపడా ఆర్‌జీ6 అనే డిష్ కేబుల్, దాని చివర్లకు బిగించే ఎఫ్ కనెక్టర్లు నాలుగు, పదునైన బ్లేడు, స్పానర్. కేబుల్ నల్లదే తీసుకోండి, ఎండకు ఆగుతుంది. డాబా మీద తెల్ల కేబుల్ వేసేవాళ్ళకు చెప్పి లాభం లేదు.

బాక్సుల ప్లగ్ పీకేయండి. రిమోట్‌తో ఆఫ్ చేస్తే చాలదు. పాత ఎల్‌ఎన్‌బీ విప్పేముందు అది ఎంత వంపులో, ఎంత లోతులో ఉందో మార్కర్‌తో గీత పెట్టుకుని, కొత్తదాన్ని అలాగే బిగించండి. డిష్ బోల్టుల మీద మాత్రం చెయ్యి వేయొద్దు. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం ఉండేది 93.5 డిగ్రీల తూర్పున, అంటే మన హైదరాబాద్ నుంచి ఆగ్నేయంగా. రెండు మూడు డిగ్రీలు పక్కకు జరిగితే చాలు, మళ్ళీ మెకానిక్‌ను పిలవాల్సిందే.

ఇక అందరూ పాడుచేసే పని, కనెక్టర్ వేయడం. తొందరపడితే ఇక్కడే దెబ్బ తింటారు.

పైతొడుగును ఒకటిన్నర సెంటీమీటరు మేర తీసేయండి. బ్లేడును గట్టిగా నొక్కొద్దు, చుట్టూ తిప్పితే చాలు. లోపల వెండి వెంట్రుకల్లాంటి జాలీ కనిపిస్తుంది. దాన్ని వెనక్కి మడిచి తొడుగు మీదకు దువ్వండి. ఆ తర్వాత తెల్లటి నురగ పొరను సెంటీమీటరు మేర తీయాలి. అప్పుడు మధ్య తీగకు గాటు పడకూడదు, పడిందంటే రెండుసార్లు వంచేసరికి విరుగుతుంది. కనెక్టర్‌ను తిప్పుతూ ఎక్కించండి. తెల్ల పొర లోపలి అంచుకు సమంగా వచ్చి ఆగాలి, మధ్య తీగ కనెక్టర్ మూతి దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి.

ఇప్పుడు వెలుతురులో పెట్టి కనెక్టర్ లోపలికి చూడండి. జాలీలోని ఒక్క వెంట్రుక మధ్య తీగకు తగిలినా షార్ట్. అదృష్టం ఉంటే బాక్స్ సరఫరా ఆపేస్తుంది, లేకపోతే బాక్సే పోతుంది. తొంభై శాతం ఫిర్యాదుల వెనక ఉండేది ఈ వెంట్రుకే అని నా నమ్మకం. అనుమానం వస్తే కత్తిరించి మళ్ళీ మొదలుపెట్టండి, కేబుల్ ఖరీదెంతని! మల్టీమీటర్ ఉంటే బీప్ గుర్తు మీద పెట్టి, ఏ చివరా ఎక్కడా బిగించకముందే మధ్య తీగకూ కనెక్టర్‌కూ మధ్య చూడండి, బీప్ రాకూడదు.

ఎల్‌ఎన్‌బీ దగ్గర మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టకండి, మే ఎండకు జిగురు కారుతుంది. రబ్బరు టోపీ వేసి, కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి వదలండి, వాన నీరు అక్కడే జారిపోతుంది. సంక్రాంతి దాటాక ఒకసారి పైకెక్కి చూడండి. గాలిపటాల మాంజా చుట్టుకుని ఎల్‌ఎన్‌బీ పక్కకు తిరిగి ఉండొచ్చు.

ప్లగ్‌లు పెట్టి రెండు బాక్సులూ ఆన్ చేసి, ఒకదానిలో ఛానెల్ అలాగే ఉంచి రెండోదాంట్లో వరసగా మార్చుతూ పోండి. తర్వాత అటుదిటు చేయండి. మొదటి టీవీలో బొమ్మ ఆగకపోతే పని అయినట్టే. సిగ్నల్ స్క్రీన్‌లో 'స్ట్రెంగ్త్' చూసి సంబరపడకండి, చూడాల్సింది 'క్వాలిటీ'. డబ్బు కట్టే కనెక్షన్ అయితే రెండో బాక్సుకు ప్యాక్ వేరే వేయించుకోవాలి. ఫ్రీ డిష్‌కు ఆ బాధ లేదు.