వయసు పైబడ్డ ఆడగుర్రానికి మగగుర్రాన్ని చూసే ముందు

ఈనిన కొన్ని గంటలకే లోపల రక్తనాళం తెగి ఆడగుర్రం కూలిపోయిందన్న కబురు ఏటా ఎక్కడో ఒకచోట వినపడుతూనే ఉంది. చాలాసార్లు అది పదిహేనేళ్లు దాటిన, ఇంట్లో మనిషిలా పెరిగిన గుర్రమే. ఫిబ్రవరి నుంచి పగళ్లు పెరిగేకొద్దీ ఎద మొదలవుతుంది. ఇంట్లో ఉన్న ముసలి గుర్రం గుర్తుగా ఒక్క పిల్లయినా మిగలాలని పుష్కర్, సారంగ్‌ఖేడా గుర్రాల సంతల్లో తీసిన మార్వాడీ జాతి మగగుర్రాల వీడియోలు వెతికే రోజులివి.

తప్పు అక్కడే మొదలవుతుంది. మగగుర్రాన్ని ముందు ఖాయం చేసుకుని అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఆడగుర్రాన్ని మాత్రం రెండు మూడు ఎదలు వృథా అయ్యాకే డాక్టరుకు చూపిస్తారు. ముందు గర్భసంచి. మగగుర్రం తర్వాత.

వీర్యం పడగానే ఏ గర్భసంచికైనా కాస్త వాపు వస్తుంది, లోపల నీరు చేరుతుంది. వయసులో ఉన్న గుర్రం ఒకటి రెండు రోజుల్లో ఆ నీటిని బయటికి తోసేస్తుంది. పెద్దదానికి సంచి పొట్టలోకి కిందికి జారి ఉంటుంది, కండరం పట్టు తగ్గి ఉంటుంది. ఒక్క ఈతా లేకుండానే వయసు మీదపడినదానికి గర్భాశయ ముఖం సరిగా తెరుచుకోదు. నీరు లోపలే నిలుస్తుంది. అండం విడుదలైన ఆరో రోజు ప్రాంతంలో పిండం సంచిలోకి దిగేసరికి వాపు ఇంకా ఉంటే అది బతకదు. పట్టలేదని అదే ఎదలో మళ్లీ మళ్లీ దాటిస్తే ఆ వాపును ప్రతిసారీ కొత్తగా రేపినట్టే.

అందుకే స్కానింగ్, సంచి లోపలి నుంచి స్వాబ్ తీసి కల్చర్, కణాల పరీక్ష ముందే చేయించండి. పదిహేనేళ్లు దాటితే బయాప్సీ కూడా, అంటే సంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష. దాని ఫలితం 1, 2ఎ, 2బి, 3 శ్రేణుల్లో వస్తుంది. మూడో శ్రేణి వస్తే నెలలు నిండి బతికిన పిల్లను ఈనే అవకాశం పదిలో ఒక వంతే. మగగుర్రాన్ని వెతకడం ఆపండి. పిండాన్ని వేరే గుర్రం గర్భంలో పెట్టే దారి ఉంది, జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వారి బికనీర్ ప్రాంగణంలో 2023లో అలా పుట్టిన మార్వాడీ పిల్లే రాజ్-ప్రథమ. కానీ ముసలి గుర్రం నుంచి మంచి పిండం దొరకడమూ తేలిక కాదు.

గర్భసంచి బాగుందని తేలాక మగగుర్రం యజమానిని అడగాల్సింది ఒక్కటే: పోయిన సీజన్‌లో ఎన్ని గుర్రాలకు దాటింది, మొదటి ఎదలోనే ఎన్నింటికి నిలిచింది? చెవులు, రంగు, ఎత్తు ఆ తర్వాతే. మీ గుర్రానికి ఎదకు ఒక్క దాటుతోనే నిలవాలి, సంతానశక్తి రుజువైన మగగుర్రమే కావాలి. తాజా వీర్యమైతే డోసుకు చురుగ్గా ముందుకు కదిలే శుక్రకణాలు 50 కోట్లు ఉండాలి. గడ్డకట్టించిన వీర్యమైతే కరిగించాక కనీసం 30 శాతం కదలిక ఉండాలి. దాన్ని అండం విడుదలయ్యే గంటలు చూసుకుని వేయాలి కాబట్టి ఆరేసి గంటలకోసారి స్కాన్ చేసే డాక్టరు దగ్గర లేకపోతే ఆ జోలికి పోకండి.

మగగుర్రం పెద్దదైతే ఈత కష్టమవుతుందన్న భయం ఆవుల విషయంలో నిజమే. గుర్రాల్లో పిల్ల పరిమాణాన్ని చాలావరకు తల్లి గర్భసంచే నిర్ణయిస్తుంది. 1938లో వాల్టన్, హామండ్ అనే పరిశోధకులు భారీ షైర్ జాతిని, పొట్టి షెట్లాండ్ జాతిని సంకరం చేసి దీన్ని చూపించారు. వీపు మీద పడే బరువు మాత్రం వేరే సంగతి. వెనక కీళ్లు నొప్పులుంటే భారీ గుర్రం వద్దు, కృత్రిమ గర్భధారణ చేయించండి.

ఇక మిగిలినవి:

గుర్రాలకు వచ్చే గ్లాండర్స్, ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ ఎనీమియా, సర్రా రోగాలకు మగగుర్రం రక్తపరీక్షల రిపోర్టులు చూడండి. ఫోన్‌లో ఫొటో కాదు, అసలు కాగితం. గ్లాండర్స్ మనుషులకూ అంటుతుంది. ఉందని తేలితే చట్టప్రకారం గుర్రాన్ని చంపేయాల్సిందే.

అండం సంచి 35 మిల్లీమీటర్లు దాటాకే దాటించండి. ఎదకు ఒక్కసారే.

వెనక కాళ్ల నాడాలు తీయించండి. తోకకు గుడ్డ చుట్టండి. మానం దగ్గర శుభ్రమైన నీళ్లతో కడిగి తుడవండి, డెట్టాల్ వద్దు.

లోపలికి మురికి పోకుండా మానానికి కుట్లు వేసి ఉంటే దాటించే ముందు డాక్టరుతో విప్పించండి. ఈనే ముందూ విప్పించాలి, లేకపోతే చిరిగిపోతుంది.

దాటించిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లోపు డాక్టరు ఆక్సిటోసిన్ (గర్భసంచిని బిగించి నీటిని తోసేసే మందు) ఇవ్వాలి. మర్నాడు స్కాన్‌లో నీరు కనపడితే సెలైన్‌తో కడిగించండి.

మీరే ఆక్సిటోసిన్ కొనుక్కొచ్చి వేయకండి.

అండం విడుదలయ్యాక 14 నుంచి 16 రోజుల మధ్య స్కాన్ తప్పనిసరి. కవలలుంటే అప్పుడే ఒకదాన్ని తీయించాలి. 35 రోజులు దాటాక పిండాలు పోతే నెలల తరబడి ఎద రాదు, సీజన్ పోయినట్టే.

28వ రోజు మళ్లీ స్కాన్. గుండె కొట్టుకోవడం కనపడాలి.

ఈనాక చెమటలు పట్టి చిగుళ్లు తెల్లబడితే లోపల రక్తనాళం తెగి ఉండొచ్చు, నడిపించకండి. నిశ్శబ్దంగా ఉన్న కొట్టంలో కదలకుండా ఉంచి డాక్టరును పిలవండి.

మాయ మూడు గంటల్లో పడకపోతే లాగకండి. డాక్టరు కావాలి.

ఇంకా మగగుర్రమే నచ్చి, గర్భసంచి చూపించలేదా? అడ్వాన్సు ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే తేదీ మార్పించండి, ముందు గర్భసంచి చూపించండి.

ముసలి తల్లి జున్నుపాలలో రక్షణ తక్కువ ఉండొచ్చు. పిల్లకు 12 నుంచి 24 గంటల మధ్య రక్తంలో యాంటీబాడీల పరీక్ష చేయించండి. తక్కువని తేలితే ప్లాస్మా ఎక్కించే ఏర్పాటు ఈనడానికి ముందే మాట్లాడి పెట్టుకోండి.