విమానాల భద్రత: ఒక లెక్కల టీచర్ రూళ్ల పుస్తకం

విమానం ఎక్కాలంటే నాకు భయం. లెక్కల టీచర్‌ని కదా, ఆ భయాన్ని కూడా లెక్కల్లోకి దించేస్తే కాస్త తగ్గుతుంది. టికెట్ కొనేముందు ఒక రూళ్ల పుస్తకం ముందేసుకుని కూర్చుంటాను. మొదట్లో అందులో రెండే గళ్లు ఉండేవి: ఎయిర్‌లైన్ పేరు, దాని ప్రమాదాల్లో ఎంతమంది పోయారు. అది ఎంత తప్పుడు పద్ధతో నాకు కాంకార్డ్ కథతో అర్థమైంది. ధ్వని కంటే వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానం అది.

కాంకార్డ్ 1976లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. 24 ఏళ్లపాటు ప్రమాదంలో ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. 2000 జులై 25న పారిస్ దగ్గర ఒకటి కూలి 113 మంది పోయారు. అంతకుముందు రోజు దాకా మచ్చలేని రికార్డు. ఆ ఒక్క ప్రమాదంతో, ఫ్లైట్ల సంఖ్యతో భాగించి చూస్తే అతి చెడ్డ రికార్డుల్లో ఒకటి. రాత్రికి రాత్రి విమానమేమీ మారిపోలేదు. ఎయిర్‌లైన్ల చేతిలో తిరిగినవి మొత్తం 14 మాత్రమే, కాబట్టి హారం చిన్నది. లవంలో ఒక్కటి చేరేసరికి భిన్నం ఎక్కడికో పోయింది.

అందుకని మొదట చూడాల్సింది చనిపోయినవాళ్ల సంఖ్య కాదు, పది లక్షల ఫ్లైట్లకు ఎన్ని ప్రాణాంతక ప్రమాదాలు అన్నది. కిలోమీటర్లతో భాగించిన లెక్కలూ కనిపిస్తుంటాయి, వాటిని పక్కన పెట్టండి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో. పద్నాలుగు గంటలు ఎగిరినా టేకాఫ్ ఒక్కటే, ల్యాండింగ్ ఒక్కటే. కిలోమీటర్ల లెక్కలో దూరప్రయాణాల కంపెనీకి ఊరికే మార్కులు పడిపోతాయి. ఇక చిన్న కంపెనీకో, కొత్త మోడల్‌కో ‘సున్నా ప్రమాదాలు’ అని కనిపిస్తే నేను మురిసిపోను. ఆ గడిలో ‘ఇంకా తెలీదు’ అని రాస్తాను.

ఎన్నేళ్లు వెనక్కి వెళ్లాలి? నేను పదిహేనేళ్ల దగ్గర గీత గీస్తాను. 1997లో పసిఫిక్‌లోని గువామ్ దీవిలో కొరియన్ ఎయిర్ విమానం కూలి 228 మంది చనిపోయారు. తర్వాత ఆ కంపెనీ బయటి నిపుణులను తెచ్చుకుని పైలట్ల శిక్షణను మార్చుకుంది. అప్పటి నుంచి దాని విమానాల్లో ప్రమాదం వల్ల ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. పాత పాపాలన్నీ కలిపి కూడితే ఈ మార్పు కనబడదు.

వివరాలకు ఏవియేషన్ సేఫ్టీ నెట్‌వర్క్ డేటాబేస్ చాలు, డబ్బు కట్టక్కర్లేదు. ఎయిర్‌లైన్‌కు ఐఓఎస్ఏ ఆడిట్ (ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐయాటా వారి భద్రతా తనిఖీ) ఉందో లేదో, యూరోపియన్ యూనియన్ నిషేధ జాబితాలో పేరుందో లేదో చూడండి. రెండూ అయిదు నిమిషాల పని. నక్షత్రాలు ఇచ్చి ర్యాంకులు వేసే పట్టికలను మాత్రం నేను నమ్మను.

ఒకసారి ఇంత కష్టపడీ బోల్తాపడ్డాను. పోల్చి పోల్చి ఒక కంపెనీ టికెట్ కొంటే, గేటు దగ్గర నిలబడి ఉన్నది ఇంకో కంపెనీ విమానం! టికెట్ మీద ‘ఆపరేటెడ్ బై’ అని చీమతలకాయంత అక్షరాల్లో ముందే ఉంది. నేనే చూసుకోలేదు. పుస్తకంలో ఎక్కించాల్సింది ఆ అక్షరాల్లో ఉన్న పేరు.

ఇప్పుడు విమానం సంగతి. మోడల్ పేరు పూర్తిగా రాసుకోండి. బోయింగ్ 737 అని వదిలేస్తే కుదరదు, 737-800 వేరు, 737 మ్యాక్స్ వేరు. మ్యాక్స్‌కి ఇంజన్లు పెద్దవి కావడంతో వాటిని ఇంకాస్త ముందుకు, పైకి బిగించారు. దాంతో కొన్ని పరిస్థితుల్లో ముక్కు మరీ పైకి లేచే గుణం వచ్చింది. దాన్ని కిందికి దించడానికి ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. గాలికి విమానం ఎంత కోణంలో ఉందో చెప్పే సెన్సార్లు రెండున్నా ఎంక్యాస్ ఒకసారికి ఒక్కదాని మాటే వినేది. అది తప్పు చెబితే? 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో అదే జరిగి 346 మంది పోయారు. ఇప్పుడు అది రెండు సెన్సార్లనూ పోల్చి చూస్తుంది. ఏ డిజైన్ గురించి చదివినా నేను వెతికేది ఒక్కటే: ఇది చెడిపోతే దీని పని చేసేది ఏది?

వయసు గురించి అంత టెన్షన్ వద్దు. 1988లో హవాయి మీదుగా వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ విమానం పైకప్పు గాల్లోనే ఊడిపోయింది. దాని వయసు 19 ఏళ్లే, కానీ అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది. దీవుల మధ్య చిన్న చిన్న దూరాలు మరి. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి విమానం ఒళ్లు కాస్త ఉబ్బి మళ్లీ తగ్గుతుంది. వయసు కంటే ఆ లెక్క ముఖ్యం.

2024 జనవరి 2న టోక్యో హనేడా రన్‌వే మీద జపాన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ350, కోస్ట్‌గార్డ్ విమానం ఢీకొన్నాయి. చిన్న విమానంలో అయిదుగురు చనిపోయారు. ఏ350లోని 379 మందీ 18 నిమిషాల్లో బయటపడ్డారు, తర్వాత ఆ విమానం మొత్తం కాలిపోయింది. దాని నిర్మాణంలో సగానికి పైగా కార్బన్ ఫైబర్ లాంటి కాంపోజిట్లే. అవి మంటకు తట్టుకుంటాయా అన్న నా అనుమానం ఆరోజు కొంత తీరింది. కానీ ఆ మార్కుల్లో సగం క్రూకి వేశాను. బ్యాగులు వదిలేసి రమ్మని అరిచి, వాడగలిగిన తలుపులేవో చూసి మరీ దింపారు.

తాజా ప్రమాదాలను మాత్రం పెన్సిల్‌తోనే రాస్తాను. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో వస్తుంది, అందులో ఏం జరిగిందన్నదే ఉంటుంది. ఎందుకు జరిగిందన్నది తుది నివేదికలో తేలుతుంది. అప్పుడు పెన్ను తీస్తాను.

లోపలికెళ్లి కూర్చున్నాక ఇంకో లెక్క: నా సీటు నుంచి దగ్గరి తలుపుకి ఎన్ని వరుసలు? ముందుకోసారి, వెనక్కోసారి. పొగలో కళ్లు కనబడకపోయినా సీట్ల వీపులు చేతికి తగులుతాయి.