మిరుగంలోపే గ్లో ఇంజన్ బేరింగులను కాపాడుకోండి

ఎండాకాలం సెలవుల్లో మన ఎర్ర చెలకల మీద ఎగిరిన మోడల్ విమానాలన్నీ మిరుగం చినుకు పడగానే అటకెక్కుతాయి. మళ్లీ దింపేది దసరాకే. బేరింగుకు అసలు గండం ఎగిరేటప్పుడు కాదు, అటక మీదున్న ఈ నాలుగు నెలలే. జూన్ మొదటి వారంలోపు ఒక పూట దీనికోసం పెట్టుకోండి.

ఈ విమానాల చిన్న గ్లో ఇంజన్లు స్పార్క్‌తో కాదు, ఎర్రగా కాలే ప్లగ్గుతో నడుస్తాయి. వాటిలో పోసే గ్లో ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్ అనే ఆల్కహాల్. అది గాలిలోని తేమను లాక్కుంటుంది, మండితే నీటి ఆవిరి పుడుతుంది. నైట్రోమీథేన్ ఉంటే ఆమ్లం కూడా తోడవుతుంది. ఇదంతా చేరేది షాఫ్టూ, దాన్ని మోసే రెండు బేరింగులూ ఉండే క్రాంక్‌కేసులోకే. ముందు బేరింగుకు సాధారణంగా మూత ఉంటుంది, వెనకదానికి ఉండదు. తుప్పు ముందుగా పట్టేది వెనకదానికే.

చివరిసారి ఎగరేసి నేలకు దించాక ట్యాంకు ఖాళీ చేసి, పైపులో మిగిలిన ఇంధనంతో ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడపండి. ప్లగ్గు వేడిచేసి ఇంకోసారి తిప్పండి. అంటుకోకపోతే లోపల మిథనాల్ దాదాపు లేనట్టే. త్రాటిల్ మూసి ఆపేస్తే మాత్రం తడి లోపలే ఉండిపోతుంది.

ఇప్పుడు ప్లగ్గు విప్పండి. నడిపాక తుప్పు పట్టకుండా వేసే ఆఫ్టర్‌రన్ ఆయిల్ దొరక్కపోతే మెకానిక్ షాపులో ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసే ట్రాన్స్‌మిషన్ నూనె, అడగండి. ప్లగ్గు రంధ్రంలో నాలుగైదు చుక్కలు, త్రాటిల్ పూర్తిగా తెరిచి కార్బురేటర్‌లో మరికొన్ని వేసి, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పుతూ విమానాన్ని అటూఇటూ వంచండి. నూనె వెనక బేరింగు దాకా పోవాలి. ప్లగ్గు బిగించి స్టార్టర్ పెట్టకండి, పిస్టన్ పైన నూనె నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సిలికాన్ పైపుకు ఏటీఎఫ్ అంటనివ్వకండి, ఉబ్బిపోతుంది. ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌కైతే క్రాంక్‌కేసు గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి కూడా నూనె వేయాలి. దాని క్రాంక్‌కేసును కొత్త ఇంధనం కడగదు కాబట్టి అది ఇంకా త్వరగా తుప్పు పడుతుంది.

ఇంధనం కొనేటప్పుడు కొంతైనా ఆముదం కలిసినదే చూసుకోండి. ఉత్త సింథటిక్ ఆయిల్ కంటే అది తుప్పును బాగా ఆపుతుంది. మొదటి ప్రపంచ యుద్ధపు రోటరీ విమాన ఇంజన్లలోనూ ఆముదమే పోసేవారు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఎన్నో ఏళ్లుగా పండుతున్న పంట ఇది, దాన్ని నమ్మడానికి నాకేమీ సందేహం లేదు. అయితే గింజలు వేయించి, దంచి, నీళ్లలో కాచి తీసిన ఇంటి ఆముదం మాత్రం వద్దు. అందులో తేమ, జిగురు మిగులుతాయి.

అటకెక్కించే ముందు ప్లగ్గు తీసేసి షాఫ్టును వేళ్లతో మెల్లగా తిప్పి చూడండి. ఇసుక నమిలినట్టు గరగరమంటే గోళీల మీద గుంతలు పడ్డట్టే. ఇక నూనెతో బాగుపడదు. రాలిన ఇనుప రజను సిలిండర్ లోపలి గొట్టమైన లైనర్‌ను, పిస్టన్‌ను గీకకముందే బేరింగు మార్చండి. అంచు మీదున్న నంబరు చెబితే బేరింగుల దుకాణంలో దొరుకుతుంది. క్రాంక్‌కేసును వేడిచేసి చెక్క మీద తడితే పాతది ఊడి వస్తుంది, ఎందుకంటే అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వంట ఓవెన్‌లో మాత్రం పెట్టకండి, ఆ పొగ మంచిది కాదు.

ఇంజన్‌ను సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. సగం ఖాళీ అయిన ఇంధనం డబ్బా వానాకాలమంతా తేమ పీలుస్తుంది, మిగిలినదాన్ని అంచుదాకా నిండే చిన్న డబ్బాలోకి మార్చి మూత బిగించి, పిల్లలకు అందకుండా ఉంచండి. మిథనాల్ విషం, పట్టపగలు దాని మంట కంటికి కనిపించదు.