నడుస్తున్నాడు కదా అని గోలీలు ఆపకండి

మొన్న మా మండలంలో ఒకాయనకు రెండోసారి పక్షవాతం వచ్చింది. మొదటిసారి ఎడమ చేయి, కాలు పడిపోతే ఇంటివాళ్లు అప్పు చేసి హైదరాబాద్ తీసుకెళ్లారు, కర్ర పట్టుకుని చెలక దాకా నడిచేంత కోలుకున్నాడు. ఈసారి కుడివైపు పోయింది, మాట కూడా పోయింది. మధ్యలో జరిగింది ఒక్కటే. బీపీ చూపిస్తే 120/80 వచ్చింది, "నార్మలే కదా, ఇంకా గోలీలెందుకు" అని బంద్ చేశారు. మెడికల్ షాపులో కూర్చునేవాడిని కాబట్టి ఇలాంటివి నాకు ముందే తెలుస్తాయి, నెలనెలా వచ్చే మనిషి రావడం మానేస్తాడు.

ఎండలు ముదురుతున్నాయి, పెండ్లిళ్లు, దావత్‌లు మొదలయ్యాయి. పక్షవాతం వచ్చి కోలుకున్న మనిషి ఉన్న ఇంటికి ఇది గడ్డుకాలం. బీడీ మానాలి, నడవాలి, షుగర్ చూసుకోవాలి అని డాక్టర్లు చెప్పేవి మళ్లీ చెప్పను.

గోలీల సంగతి

బీపీ నార్మల్‌గా ఉన్నది గోలీ వేసుకుంటున్నందుకే. ఆపితే మళ్లీ పెరుగుతుంది, తలనొప్పి అయినా రాకుండా పెరుగుతుంది. చాలామందికి 130/80 లోపు ఉండాలంటారు, మీ మనిషికి ఎంత ఉండాలో డాక్టర్‌నే అడిగి చీటీ మీద రాయించుకోండి.

ఇంకో చోట కూడా జనం పొరబడుతున్నారు. నరంలో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి మొదట్లో రక్తం పలచబడే గోలీలు రెండు రకాలు రాసి, కొన్ని వారాలకో నెలలకో అందులో ఒకటి ఆపమంటారు. ఇంటికి వచ్చేసరికి అది "డాక్టర్ ఆపమన్నాడు" అయిపోతుంది, రెండోదీ పోతుంది, దాంతోపాటు కొవ్వు తగ్గించే గోలీ కూడా పోతుంది. ఆపమన్నది ఏదో పేరుతో సహా రాయించుకోండి. పక్కింటాయన చీటీ చూసి మాత్రం కొనకండి, ఆయనకు గడ్డకట్టి వచ్చి ఉండొచ్చు, మీవాళ్లకు నరం చిట్లి రక్తం కారి వచ్చి ఉండొచ్చు, ఆయన గోలీ మీవాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది.

పసరు మందుకు పోతామంటే వద్దన్నా ఆగరని తెలుసు. కానీ అక్కడ "ఇంగ్లీషు మందులు బంద్ చేస్తేనే ఇది పని చేస్తది" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. బొంబాయికో పుణెకో పనికి పోయేవాళ్లు అక్కడికి చేరేదాకా కాదు, తిరిగి వచ్చేదాకా సరిపడా గోలీలు కట్టుకుని పోండి. పైసల్లేక ఆపుతున్నామనేవాళ్లు ఊర్లోని పల్లె దవాఖానలో, పీహెచ్‌సీలో అడగండి, బీపీ, షుగర్ గోలీలు ఊరికే ఇస్తారు.

ఎండ, నీళ్లు

నల్లగొండలో 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కాదు. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. అయినా ఈ మనుషులు నీళ్లు తాగరు, దాహం లేక కాదు, తాగితే ఒంటేలుకు పోవాలి, పోవాలంటే కోడలినో కొడుకునో పిలవాలి, సిగ్గు. మంచం పక్కన డబ్బానో కుర్చీనో పెట్టండి, అప్పుడు తాగుతారు. గుండె, కిడ్నీ జబ్బు కూడా ఉంటే ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్ చెప్పాలి. ఎండాకాలం లేవగానే కళ్లు తిరిగితే బీపీ చూపించండి, డోసు తగ్గించాలంటే డాక్టర్ తగ్గిస్తారు. మీరు ఆపకండి.

మామిడికాయ తొక్కు పెట్టే రోజులు కూడా ఇవే. మనిషికి రోజంతా కలిపి ఉప్పు ఐదు గ్రాములు, అంటే దాదాపు ఒక టీ చెంచా మించొద్దు, కూరలో ఉప్పు తగ్గించి పక్కన తొక్కు వేస్తే తగ్గించినట్టా? మజ్జిగలో కూడా ఉప్పు వేయకండి.

ఇంకా ఉన్నాయి, గుర్తొచ్చిన వరుసలో రాస్తున్నా.

- పడుకోబెట్టి అంబలి, నీళ్లు పోయకండి. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టే, నిమ్ము చేసి చనిపోయినవాళ్లున్నారు. కూర్చోబెట్టి, కొంచెం కొంచెం.
- పడిపోయిన చేయి పట్టి లేపకండి. భుజం జారుతుంది.
- కీళ్లనొప్పులని డైక్లోఫెనాక్ లాంటి గోలీలు అడగకండి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు పాడైన పెద్దమనుషుల బాధ నాకు తెలుసు, అయినా ఇవ్వను. బీపీ పెంచుతాయి, రక్తం పలచబడే గోలీతో కలిస్తే కడుపులో రక్తం కారుతుంది.
- కల్లు తాగొద్దు. కల్తీ కల్లు అలవాటున్న మనిషి ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావొచ్చు, దాచకుండా డాక్టర్‌కు చెప్పి మాన్పించండి.
- యాట కూర, మందు ఉన్న దావత్‌కు "ఒక్కరోజే కదా" అని ఒక్కడినే పంపకండి.
- ఊరికే ఏడుస్తున్నా, కసురుకుంటున్నా నాటకాలు అనకండి. దానికీ మందులున్నాయి.
- ఫిజియోథెరపీ మొదటి నెలల్లోనే గట్టిగా చేయించాలి. ఎండలు తగ్గాక చూద్దాం అనొద్దు.
- ఒకపూట గోలీ మరిచిపోతే తర్వాతి పూట రెండు వేయకండి.
- మళ్లీ మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా టైమ్ చూసి 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే సూది ఇవి మొదలైన నాలుగున్నర గంటల్లోపే, అదీ సీటీ స్కాన్ తీశాకే. దేవరకొండ, అచ్చంపేట అవతలి ఊర్లవాళ్లకు దారిలోనే సగం టైమ్ పోతుంది, ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకుంటూ కూర్చోకండి.
- పది నిమిషాల్లో తగ్గిపోయినా దవాఖానకు పోవాల్సిందే.
- అలా మళ్లీ వచ్చినప్పుడు దవాఖానకు పోయేదాకా నోట్లో ఏమీ వేయకండి. నీళ్లు కూడా.
- గోలీలు ఆపకండి. బీపీ నార్మల్ వచ్చినా, పరుగెత్తుతున్నా ఆపకండి.
- "వేసుకున్నవా నాయనా" అని అడిగి ఊరుకోకండి, స్ట్రిప్ తీసి లెక్కపెట్టండి.